చలినీటి అడవిలో కొత్త డైవరు

నిరుడు మాఘమాసమున అండమానులోని స్వరాజ్ ద్వీపమునందు నాలుగు దినములు శిక్షణము పొంది, స్కూబా డైవరుగా పట్టాకార్డు చేతబట్టి మరలివచ్చిన నాకు, సముద్రగర్భమనిన నులివెచ్చని నీరనియు, కనుచూపుమేర పరచుకొన్న నీలకాంతియనియు ఒక భావము స్థిరపడియుండెను. ఈ యేడు శరదృతువున సెలవు గడుపుటకై, కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరమున ఉద్యోగము చేయుచున్న మా తమ్ముని కుమారుని యింటికి పోయి, అతనితో కలిసి దక్షిణముగా గంటకు పైబడిన ప్రయాణము చేసి, మాంటెరే పట్టణపు శాన్ కార్లోస్ తీరమున రాతికట్ట ప్రక్కన నీటిలో అడుగిడిన క్షణమున ఆ భావము పటాపంచలయ్యెను. నీటి ఉష్ణోగ్రత 13 డిగ్రీలు. ముఖము ముంచినంతనే నొసట ముండ్లు గ్రుచ్చినట్లయి, నా ప్రమేయము లేకయే శ్వాస వడివడిగా సాగజొచ్చెను. ఆ నీట అనేక పర్యాయములు మునిగిన అనుభవము గల మా వాడు నా భుజముపై చేయివేసి, "తొందరేం లేదు పెదనాన్నగారూ, ఇలాగే నిలబడి ఊపిరి కుదుర్చుకోండి, తరవాత దిగుదాం" అనెను. నేనట్లే నిలిచితిని. రెండు నిమిషములలో ఊపిరి నెమ్మదించెను.

మొదటి పట్టా పొందిన డైవరునకు సాధారణముగా నిర్ణయింపబడిన లోతు 18 మీటర్లు. ఈ సంఖ్య అందరికిని జ్ఞాపకముండును. కాని దానితోపాటు శిక్షణ సంస్థలు చెప్పు మరియొక మాట, అనగా తాను నేర్చినచోటి పరిస్థితులకు సమానములో, అంతకన్న సులభములో అయిన పరిస్థితులయందే స్వతంత్రముగా దిగవలెనను మాట, కొత్తవారు తరచు మరచిపోవుదురు. వెచ్చని నీట ఉత్తీర్ణుడైనవాడు చల్లని నీటిచెంత మరల విద్యార్థియే. చెరువులో ఈత నేర్చినవాడు వరదగోదావరిలో దిగుటకు ముందు పడవవాని సలహా నడుగుట యెట్లు చిన్నతనము కాదో, ఆ తీరమెరిగిన ఇన్‌స్ట్రక్టరునో అనుభవజ్ఞునో తోడు తీసికొనుటయు అట్లే చిన్నతనము కాదు. శరీరమునకు నీరంటనీయని డ్రైసూట్ ధరింపదలచినవారికైతే ప్రత్యేకశిక్షణము తప్పదు.

ఆ నీరింత చల్లగా నుండుటకు కారణము తెలిసికొన్ననాడు చలియే ఆ తీరమునకు భాగ్యమని బోధపడును. ఉత్తరమునుండి వచ్చు కాలిఫోర్నియా ప్రవాహము సహజముగానే శీతలమైనది. దానికి తోడు వసంతగ్రీష్మములలో వాయవ్యపు గాలులు తీరము వెంబడి వీచునపుడు, భూభ్రమణ ప్రభావమున పైపొరలోని నీరు ఒడ్డును విడిచి సముద్రములోనికి తొలగిపోవగా, ఆ ఖాళీని నింపుటకై అడుగునుండి మిక్కిలి చల్లని నీరు పైకి ఉబికివచ్చును. చీకటిలో చిరకాలముగా పేరుకొన్న నైట్రేట్ల వంటి పోషకములను అది వెంటగొనివచ్చును. సూర్యకాంతి సోకినంతనే సూక్ష్మమైన ప్లవకజీవులు కోట్లకొలది పుట్టును. వానిని దిని చేపలును, చేపలను దిని సీళ్ళును పక్షులును వర్ధిల్లును. అయితే ఆ సమృద్ధియే నీటిని పచ్చగా, మసకగా చేయును గనుక, వేసవిలో కొన్నిదినములు నాలుగైదు మీటర్ల ఆవల నేమియు కానరాదు. గాలులు తగ్గిన శరత్కాలమే కొత్తవారికి అనుకూలము.

నీరు గాలికన్న సుమారు 25 రెట్లు వేగముగా దేహతాపమును హరించును. అందువలన ఇచ్చట 7 మిల్లీమీటర్ల మందము గల నియోప్రీన్ వెట్‌సూట్, తలకు టోపీ, చేతులకు గ్లవ్స్, కాళ్ళకు బూట్లు ధరింపవలెను. ఈ వెట్‌సూటును 1950ల తొలినాళ్ళలో రూపొందించినవాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రజ్ఞుడు హ్యూ బ్రాడ్నర్. ఒడలు పొడిగా నుండనక్కరలేదనియు, రబ్బరులో చిక్కుకొన్న సూక్ష్మమైన వాయుబుద్బుదములే వేడిమిని నిలుపుననియు గ్రహించుట ఆయన ప్రతిభ. ఇదే మర్మమును మాంటెరే అఖాతపు నీటిపిల్లి అనాదిగా ఎరుగును. సీళ్ళకువలె దానికి చర్మము క్రింద క్రొవ్వుపొర లేదు. దట్టమైన రోమములనడుమ గాలిని బంధించి చలిని జయించును. ఆ రోమముల కొరకే మానవుడు దానిని వేటాడి నిర్మూలించినంత పని చేసెను. 1911లో అంతర్జాతీయ ఒప్పందము రక్షణ కల్పించిన పిదప, కాలిఫోర్నియాలో నశించెననుకొన్న ఆ జాతి 1938లో బిగ్ సర్ తీరమున చిన్నగుంపుగా మరల జనులకంటబడెను. నేడు అది వెలికిల తేలుచు, అలలకు కొట్టుకొనిపోకుండ నాచుతీగను నడుమునకు చుట్టుకొని నిద్రించుట చూచినపుడు, ఆ మిగిలిన కొలదిప్రాణులయెడ నాకు కలిగిన కృతజ్ఞత మాటలకందదు.

దళసరి వెట్‌సూట్ మనిషిని పైకి తేల్చును గాన బరువుల బెల్టు కూడ బరువెక్కును. అండమానులో నాలుగు కిలోలతో మునిగిన నాకు ఇచ్చట పన్నెండు కావలసివచ్చెను. ఎంత తూకము చాలునో ఒడ్డుచెంతనే పరీక్షించుకొనవలెను: తేలుటను సరిచేయు జాకెట్టులోని గాలి తీసివేసి, మామూలుగా ఊపిరి పీల్చి నిలిచినపుడు నీటిమట్టము కన్నులయొద్ద నుండి, ఊపిరి విడిచినంతనే మెల్లగా మునుగవలెను. నిండు సిలిండరులోని గాలియే రెండు కిలోలకు మించి తూగునని మరువరాదు. మరలివచ్చువేళ ఆ మేరకు తేలికపడుదుము. పది మీటర్ల లోతున పీడనము ఉపరితలమునకు రెండింతలగుటచే రబ్బరులోని బుడగలు కుంచించుకొని సూటు పలుచనగును. తేలుశక్తియు వెచ్చదనమును ఒక్కమారే తగ్గును. అప్పుడు జాకెట్టులోనికి కొలదికొలదిగా గాలి వదలుకొనుచు పోవలెనే గాని కాళ్ళు తపతప కొట్టరాదు.

ఇక కెల్ప్ అడవి. దీనిని నాచు అనుటకు మనసొప్పదు. శిలలను వేళ్ళవంటి పట్టుతో కరచుకొని, ఆకు మొదలున నొక్కొక్క గాలితిత్తి ధరించి, అనుకూలకాలమున దినమునకు 30 సెంటీమీటర్లకు పైగా ఎదుగుచు ఉపరితలమును జేరి అచ్చట పందిరివలె పరచుకొను ఈ మహాకెల్ప్ నడుమ, పైనుండి తేనెరంగు వెలుగు స్తంభములుగా దిగుచుండగా, అల వచ్చినపుడు అడవియంతయు ఒక్కమారుగా వంగి, పోయినపుడు ఒక్కమారుగా లేచుచుండగా, నేను చేతులు ముడుచుకొని కదలక నిలిచితిని. శిలలపై నారింజరంగు నక్షత్రజీవులు, రాతిపగుళ్ళలో రాక్‌ఫిష్, దూరమున నొక సీలు తొంగిచూచి మాయమగుట! తీగ సిలిండరునకు తగిలినచో గిరగిర తిరుగరాదు, తిరిగినకొలది చుట్టుకొనును. ఆగి, వెనుకకు జరిగి, తోడువానిని పిలువవలెను. లాగిన తెగని ఆ కాడ, గోరుచిక్కుడుకాయను విరిచినట్లు వంచి విరిచిన టప్పున విరుగును.

ఆ అడవులును సురక్షితములు కావు. 2013 మొదలుకొని వ్యాధిచే సముద్రనక్షత్రములు కుప్పలుగా చచ్చుటయు, వెనువెంటనే సముద్రజలము అసాధారణముగా వేడెక్కుటయు సంభవింపగా, వానికి ఆహారమగు ఊదారంగు సముద్రపు ముళ్ళకాయలు (సీ అర్చిన్లు) విజృంభించి, కాలిఫోర్నియా తీరమున పెక్కుచోట్ల కెల్ప్‌ను మొదలంట మేసివేసెను. మా వాడు పూర్వము చూచిన ఒకచోటు నేడు బోసిరాళ్ళుగా నున్నదని చెప్పునపుడు అతని కంఠము గద్గదమయ్యెను.

చలిలో గాలి త్వరగా వ్యయమగును. వేళ్ళు మొద్దుబారి చిన్న క్లిప్పు సైతము తీయజాలవు. కావున గేజిని మాటిమాటికి చూచుకొనుచు, 50 బార్ మిగిలియుండగనే పైకి చేరునట్లును, ఆకుపందిరి క్రింద గాక తెరపినీట తేలునట్లును ముందుగనే మరలవలెను. తొలివణకు పుట్టినంతనే తోడువానికి బొటనవ్రేలు పైకి చూపుటయే ధర్మము. నేను 28వ నిమిషమున చూపితిని. ఐదు మీటర్లవద్ద మూడు నిమిషములు ఆగి, ఊపిరి బిగబట్టక మెల్లగా పైకి వచ్చితిమి.

మరునాడును దిగితిమి గాన, దేహమున కరిగిన నైట్రొజన్ వెలువడుటకై కనీసము 18 గంటలు విమానమెక్కరాదు. సెలవులో ఆ చివరిదినమును, పాత చేపల కార్ఖానా స్థలమున 1984లో వెలసిన మాంటెరే ఆక్వేరియమున గడిపితిమి. పై కప్పు లేక ఎండపడు ఆ పెద్ద తొట్టిలో కెల్ప్ ఊగుచుండెను. ఒక డైవరు చేపలకు మేత పెట్టుచుండెను. గాజుకివతల పొడిబట్టలతో నిలిచి, ఆ డైవరు ఊపిరితో లేచు బుడగలను లెక్కించుచు నేను నాకు తెలియకయే అంత నెమ్మదిగా ఊపిరి తీసికొనుచుంటిని.