రాజ్యాంగంలో ఉద్దానం రోగి చోటెక్కడ?

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలుపెట్టినప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో మూడే మూడు జిల్లాలను ఎంచుకున్నారు: అనంతపురం, మహబూబ్‌నగర్, మా శ్రీకాకుళం. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్మక్కర్లేదని మా ఊళ్ళలో జనం మొదటిసారి నమ్మింది అప్పుడే. ఆ పథకం ఎందరి ప్రాణాలో నిలబెట్టింది, ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. అయితే నేను పలాస కోర్టులో వకీలుని. ఏ మేలు చూసినా నాకు ముందు తట్టేది ఒకటే: రేపు ఇది ఆగిపోతే నిలదీసి అడిగే హక్కు ఎవరికైనా ఉందా? ఆరోగ్యశ్రీ శాసనసభ చేసిన చట్టం కాదు. ప్రభుత్వ ఉత్తర్వుల మీద, ఒక ట్రస్టు చేతుల మీదుగా నడిచే పథకం. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేయడం ఈ మధ్య పలుమార్లు చూశాం. అలా ఆపిన వారంలో జబ్బుపడ్డ మనిషి ఏ సెక్షన్ చూపించి లోపలికి వెళ్ళాలి?

ఈ ప్రశ్న నన్ను నిలబెట్టి అడిగింది మందస వైపు నుంచి వచ్చిన ఒక జీడిపప్పు కార్మికురాలు. "మా ఇంటాయనికి వారానికి మూడు మాట్లు డయాలసిస్ సెయ్యాల బాబూ. పట్టుకెళ్ళిన రోజు నాకు కూలి నేదు. మిషన్ కాళీ నేదని తిప్పంపేస్తే ఆటో డబ్బులూ దండగే. ఇలగ తిప్పకూడదని సట్టంలో ఏటైనా ఉందేటి?"

"ఉందమ్మా" అన్నాను. ఆ మాట అన్నాక ఆమెకు చూపించడానికి నా బల్లమీద ఒక్క చట్టం కూడా లేదు. తీర్పులున్నాయి. తీర్పుకీ చట్టానికీ మధ్య ఉన్న దూరం గురించే ఈ వ్యాసం.

ఉద్దానం సంగతి ఎరగని వారికి రెండు మాటలు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల కొబ్బరి, జీడి, పనస తోటల నేల ఇది. దశాబ్దాలుగా ఇక్కడ షుగర్, బీపీ లేని వాళ్ళకీ మూత్రపిండాలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. డయాలసిస్ రోగులకు 2019లో నెలకు పది వేల పింఛను వచ్చింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకాన్నీ అదే రోజు ప్రారంభించారు. అన్నీ అవసరమైనవే. అన్నీ ప్రభుత్వం తలుచుకుంటే వచ్చినవే, తలుచుకోకపోతే రానివే.

రాజ్యాంగం తెరిచి ప్రాథమిక హక్కుల భాగం చదవండి. ఆరోగ్యం హక్కుగా ఎక్కడా కనబడదు. 25వ అధికరణలో మతస్వేచ్ఛకు ఒక హద్దుగా మాత్రం ఆ మాట వస్తుంది. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ముఖ్య విధుల్లో ఒకటని చెప్పేది 47వ అధికరణ. అది ఆదేశిక సూత్రాల్లో ఉంది. ఆ సూత్రాలు పరిపాలనకు మూలమే కానీ వాటిని అమలు చేయమని కోర్టుకెక్కడం కుదరదని 37వ అధికరణ ముందే కట్టడి చేసింది.

ఆ కట్టడి ఎంత గట్టిదో మొదట తేల్చింది మద్రాసు ప్రభుత్వానికీ చంపకం దొరైరాజన్‌కీ మధ్య నడిచిన వ్యాజ్యం. 1951 ఏప్రిల్ 9 నాటి తీర్పు. అదీ వైద్య కళాశాల సీటు మీద పుట్టిన వివాదమే. అప్పటికి శ్రీకాకుళం జిల్లా ఏర్పడి ఏడాది కూడా కాలేదు, మనమంతా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాలకు వెళ్ళాలనుకున్న మా పిల్లలకూ, సీట్లను కులాల, మతాల వారీగా పంచిన ఆ కమ్యూనల్ జీవోయే వర్తించేది. బలహీన వర్గాల మేలు కోరమని చెప్పే ఆదేశిక సూత్రం తమకు అండగా ఉందని ప్రభుత్వం వాదించింది. ఆదేశిక సూత్రాలు ప్రాథమిక హక్కులకు లోబడే నడవాలని సుప్రీంకోర్టు తేల్చింది. పార్లమెంటు ఊరుకోలేదు. ఆ జూన్‌లోనే మొదటి సవరణ తెచ్చి వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయడానికి వీలిచ్చే నాలుగో ఖండాన్ని 15వ అధికరణకు చేర్చింది. ఆ విధంగా సీట్ల సమస్యకు దారి దొరికింది. 47వ అధికరణకు మాత్రం అలాంటి సవరణ ఏదీ రాలేదు, అది వెనక వరసలోనే ఉండిపోయింది.

ముందుకు తెచ్చింది న్యాయమూర్తులు. వాళ్ళు పట్టుకున్న దారం 21వ అధికరణ, ప్రాణరక్షణ హక్కు. 1989లో పరమానంద్ కటారా కేసు. స్కూటర్ మీద వెళ్తున్న మనిషిని కారు గుద్దింది. దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇది పోలీసు కేసు, మేం చూడం, ఇరవై కిలోమీటర్ల అవతల ఇంకో ఆసుపత్రి ఉంది పొమ్మన్నారు. దారిలో ప్రాణం పోయింది. ముందు ప్రాణం, తర్వాతే పోలీసు కాగితాలు. ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ఇది తప్పదు అని కోర్టు చెప్పింది. 1995లో ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ కె.రామస్వామి. కార్మికుడి ఆరోగ్యం, వైద్యం 21వ అధికరణలో భాగమైన ప్రాథమిక హక్కని అందులో సూటిగా చెప్పారు.

నా మట్టుకు అన్నింటికన్నా పెద్ద తీర్పు 1996 మే 6న వచ్చిన పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసు. 1992 జూలైలో ఒక రాత్రి వ్యవసాయ కూలీల సంఘం సభ్యుడొకరు రైలు మీంచి పడ్డారు. తలకు గాయం, లోపల రక్తస్రావం. ఊళ్ళో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చేతులెత్తేసి కలకత్తాకు పంపింది. అక్కడి పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీశారు, వెంటనే చేర్చుకోవాలని చీటీ రాశారు, పడక లేదని ఇంకో ఆసుపత్రికి పంపారు. అక్కడా లేదు. తెల్లవార్లూ తిప్పి, చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చి, పదిహేడు వేలు కట్టుకున్నారు. జస్టిస్ ఎస్.సి.అగ్రవాల్, జస్టిస్ జి.టి.నానావతి ధర్మాసనం దీన్ని 21వ అధికరణ ఉల్లంఘనగా తేల్చి, 25 వేల పరిహారం ఇప్పించింది. అంతటితో ఆగలేదు. ఆరోగ్య కేంద్రంలోనే రోగి పరిస్థితిని నిలకడకు తెచ్చే ఏర్పాటు ఉండాలి, జిల్లా ఆసుపత్రుల స్థాయి పెంచాలి, ఏ ఆసుపత్రిలో పడక ఖాళీ ఉందో రోగిని తరలించే ముందే తెలిసే వ్యవస్థ ఉండాలి, అంబులెన్సు ఉండాలి అని వరసగా చెప్పింది. డబ్బుల్లేవన్నది సాకు కాదంది. పేదవాడికి ఉచిత న్యాయ సహాయం ఇవ్వడానికి డబ్బు లేదని ప్రభుత్వం ఎలా అనకూడదో, ప్రాణం నిలిపే వైద్యానికీ అలాగే అనకూడదని పోల్చింది.

సోంపేటలో యంత్రం ఖాళీ లేదో, పలాసలో ఉందో, మందస నుంచి వచ్చిన ఆ కూలీమనిషి ఆటో ఎక్కక ముందే తెలియాలి కదా. ముప్పై ఏళ్ళనాటి తీర్పు కోరింది సరిగ్గా అదే.

మరి పేచీ ఎక్కడొచ్చింది? రెండేళ్ళకే, 1998 ఫిబ్రవరిలో, పంజాబ్ ప్రభుత్వానికీ రామ్ లుభాయా బగ్గాకూ మధ్య నడిచిన కేసులో ఇదే సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. ఏ ప్రభుత్వం దగ్గరా అంతులేని ఖజానా ఉండదు, తన శక్తిని బట్టి వైద్య ఖర్చులకు హద్దు పెట్టుకోవడం విధాన నిర్ణయం, అందులో కోర్టు వేలు పెట్టదు అని. ఆరోగ్యం మీద ఎవరు రిట్ వేసినా ప్రభుత్వ న్యాయవాది ముందుగా తీసేది ఈ తీర్పునే.

ఈ రెండు తీర్పులనూ ఎదురెదురు నిలబెట్టడం తప్పని నా అభిప్రాయం. బగ్గా కేసులో అడిగినవాళ్ళు ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదారులు. తాము ఎంచుకున్న ప్రైవేటు ఆసుపత్రి బిల్లు పూర్తిగా తిరిగి ఇమ్మన్నారు. బెంగాల్ కేసులో మనిషి చావుబతుకుల్లో ఉన్నాడు, ఎంచుకోవడానికి ఏమీ లేదు. ఒకటి రేటు తగాదా, ఇంకొకటి ప్రాణం తగాదా. మా ఉద్దానం రోగి ఈ రెంటిలో ఏ వైపు? డయాలసిస్ ప్రమాదంలా ఒక్కసారి వచ్చిపోయేది కాదు, అందుకని అది అత్యవసరం కాదని వాదించేవారున్నారు. కానీ వరసగా కొన్ని మార్లు తప్పితే ఆ మనిషి ఉండడు. కాబట్టి అతను బెంగాల్ కూలీ వైపే. ఈ మాట ఏ కోర్టులోనైనా నిలబడి చెప్తాను.

కొండల వైపు వెళ్దాం. పాత విజయనగరం జిల్లాలోని సాలూరు, పాచిపెంట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, ఇటు శ్రీకాకుళం నుంచి విడిపోయిన సీతంపేట. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇవన్నీ పార్వతీపురం మన్యం జిల్లా. 108 బండి కొండకింద ఆగుతుంది. నిండు గర్భిణిని డోలీలో, అంటే కర్రకు కట్టిన దుప్పటిలో, మోసుకు దిగాలి. ఇక్కడ ఆసుపత్రి కంటే ముందు దారి కావాలి. దానిమీదా తీర్పుంది. 1986లో హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వానికీ ఉమేద్ రామ్ శర్మకూ మధ్య నడిచిన కేసులో, కొండవాసులకు దారి అంటే బతుకే, అది 21వ అధికరణలోదేనని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, బడ్జెట్‌లో ఎంత పెట్టాలో చెప్పడం తన పని కాదని హద్దు గీసుకుంది. హక్కు ఉందని చెప్పడం వరకే కోర్టు, మూట విప్పాల్సింది ప్రభుత్వం. అక్కడి నుంచి ఇక్కడి దాకా అన్ని కేసుల్లోనూ ఇదే ముడి.

ఇంకో చిక్కు: ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో ఆరో అంశం, అంటే ఏ రాష్ట్రం ఏర్పాట్లు ఆ రాష్ట్రానివే. ఇచ్ఛాపురం వాళ్ళకు పెద్దాసుపత్రి అంటే శ్రీకాకుళం కంటే ఒడిశాలోని బరంపురమే చాలా దగ్గర. ఆరోగ్యశ్రీని 2019లో హైదరాబాద్, చెన్నై, బెంగళూరు ఆసుపత్రులకు పొడిగించారు. ఆ నగరాల్లో బరంపురం లేదు. 2010లో ఆసుపత్రుల నమోదు చట్టం చేసినప్పుడు పార్లమెంటు కూడా రాష్ట్రాలు కోరితేనే చేయగల 252వ అధికరణ దారిలో వెళ్ళాల్సి వచ్చింది. అమెరికాలోనూ ఇలాంటి పేచీయే. ఒబామా తెచ్చిన వైద్య బీమా చట్టంపై 2012లో అక్కడి సుప్రీంకోర్టు, బీమా తీసుకోనివారిపై వేసే రుసుమును పన్నుగా సమర్థించింది. పేదల వైద్య పథకాన్ని విస్తరించకపోతే పాత నిధులూ ఆపేస్తామని రాష్ట్రాలను ఒత్తిడి చేయడాన్ని మాత్రం కొట్టేసింది. అయితే ఒక తేడా గమనించాలి. వాళ్ళు కొట్లాడుకున్నది చేసిన చట్టం మీద. మనకు కొట్లాడుకోవడానికీ చట్టం లేదు.

చట్టం ఉంటే ఏమవుతుందో ఇటీవలే చూశాం. మోటారు వాహనాల చట్టంలో 162వ సెక్షన్ ఉంది. రోడ్డు ప్రమాదం జరిగిన తొలి గంటలో నగదు అడగకుండా వైద్యం అందించే పథకం కేంద్రం చేయాలని అందులో రాసుంది. సెక్షన్ 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నా పథకం రాలేదు. 2025 జనవరి 8న సుప్రీంకోర్టు గడువు పెట్టింది. గడువు దాటితే సంబంధిత శాఖ కార్యదర్శిని పిలిపించి అడిగింది. మే 5న పథకం వచ్చింది: బాధితుడికి లక్షన్నర వరకు, ఏడు రోజుల పాటు వైద్యం. ఇక్కడ ఖజానా మాట, విధాన నిర్ణయం మాట అడ్డురాలేదు. ఎందుకంటే చేయాలన్న మాట శాసనంలో అక్షరాలా ఉంది.

రాజస్థాన్ 2023 మార్చిలో ఆరోగ్య హక్కు చట్టం చేసింది. ముందు డబ్బు కట్టకపోయినా అత్యవసర వైద్యం చేయాలంది. ప్రైవేటు డాక్టర్లు సమ్మెకు దిగారు. తమ డబ్బు ప్రభుత్వం నుంచి ఎప్పుడొస్తుందన్నది వాళ్ళ భయం. బకాయిల కథ చూసిన మనం ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. మనం తెచ్చుకోవాల్సిన చట్టంలో రోగి హక్కుతో పాటు ఆసుపత్రికి డబ్బు చెల్లించే గడువూ ఉండాలి, గడువు దాటితే వడ్డీ ఉండాలి. పడక, యంత్రం ఖాళీల వివరం రోజూ బయటపెట్టాలి. తిప్పి పంపితే కారణం రాసివ్వాలి. ఫిర్యాదు విని ముప్పై రోజుల్లో తేల్చే అధికారి జిల్లాలోనే ఉండాలి. ఇచ్ఛాపురం నుంచి అమరావతి హైకోర్టు ఐదొందల కిలోమీటర్లు దాటి ఉంది, ఒకరోజు డయాలసిస్ మానుకుని అక్కడికి వెళ్ళమని ఎవరికి చెప్పగలం? రాష్ట్ర జాబితాలో ఆరో అంశం ఉంది కనుక ఈ చట్టానికి ఢిల్లీ వైపు చూడక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం శాసనసభ్యులు, ఏ పార్టీవారైనా సరే, ఈ బిల్లు అడగాలి.

అంతవరకు మీ చేతిలో ఉన్నది ఇది. ఆసుపత్రి తిప్పి పంపితే తేదీ, సమయం, అన్న మాట రాసుకోండి, రిఫరల్ చీటీ అడిగి తీసుకోండి. ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటు ఆసుపత్రిలో తప్పు జరిగితే, బిల్లు ప్రభుత్వం కట్టినా మీరు వినియోగదారులేనని జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు వాదించవచ్చు. బీమా సంస్థ బిల్లు కట్టిన వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి న్యాయ సేవల చట్టం ఇచ్చిన హక్కు. ఫోన్ నంబరు 15100.