డిష్లీ కౌలు కుటుంబము

రాజవంశములకు శాసనములును, జమీందారులకు సనదులును, భూస్వాములకు దస్తావేజులును చరిత్రకు ఆధారములై నిలిచియుండగా, పరుల భూమిని కౌలునకు పుచ్చుకొని, ఏటేట మక్తా చెల్లించి, తన కష్టఫలమును ఆ మన్నులోనే విడిచి కాలగతి నొందు కర్షకునకు అట్టి ఆధారము లుండవు. ఇంగ్లండులో అట్టివాని పూర్వుల జాడ తెలియవలెనన్నచో, ఎనిమిదవ హెన్రీ పాలనలో 1538లో వెలువడిన ఆజ్ఞ ననుసరించి చర్చీలలో వ్రాయబడుచు వచ్చిన బాప్తిస్మ వివాహ ఖనన పట్టికలను, ఎస్టేటు కచేరీల మక్తా లెక్కలను, మరణశాసనములను వెదకవలసినదే. ఇట్టి కౌలు కుటుంబములలో బేక్‌వెల్ కుటుంబ మొకటి. వీరికి భూమి లేకపోయినను, వీరి మందలనుండి పుట్టిన గొఱ్ఱెజాతులు నేటికిని ఆస్ట్రేలియా, న్యూజీలాండు బీళ్ళలో మేయుచున్నవి.

లెస్టర్‌షైర్ మండలమున లఫ్‌బరో పట్టణమునకు చేరువలో డిష్లీ గ్రేంజ్ అను క్షేత్రము కలదు. మధ్యయుగములలో నిది గారెండన్ మఠవాసులగు సిస్టర్షియన్ సన్యాసుల సొత్తు. 1536లో ఆ మఠము రద్దుకాగా భూములు ప్రభువంశముల హస్తగతములయ్యెను. ఆ క్షేత్రమును రాబర్టు బేక్‌వెల్ తాతయు, తండ్రియు కౌలునకు సాగుచేసిరి. రాబర్టు అచ్చటనే 1725లో జన్మించి, యౌవనమున ఇంగ్లండు పశ్చిమ మండలములు, నార్ఫోక్ మొదలగు చోట్ల సంచరించి, ఇతరుల సేద్యపు పద్ధతులను కన్నులార పరిశీలించి వచ్చెను. 1760 ప్రాంతమున, సుమారు 440 ఎకరములుగల ఆ సేద్యభార మతనిపై పడెను.

అతడు వాగునీటిని కాలువలద్వారా పచ్చికబయళ్ళకు మళ్ళించి గడ్డి దిగుబడిని పెంచెను. అయితే కౌలుదారుడు చేసిన అభివృద్ధికి భూస్వామి పరిహార మీయవలెనను శాసన మప్పటికి లేదు. 1875లో అట్టి చట్టమొకటి వచ్చినను, దానిని తప్పించుకొనుటకు వీలులేకుండ జేసినది 1883నాటి చట్టమే. కౌలు తీరిననాడు కాలువలు భూస్వామివి. కౌలుదారుని వెంట నడచి రాగలిగినవి పశువులు మాత్రమే. కావున బేక్‌వెల్ తన ప్రజ్ఞ నంతయు పశువులపై వెచ్చించుటలో, స్వభావముతోపాటు అతని స్థితియు కొంత కారణమని తోచును.

ఆనాడు పొట్టేళ్ళును ఆడగొఱ్ఱెలును కలసి మేయుచు ఇష్టానుసారముగ జతగూడుచుండెను. బేక్‌వెల్ వానిని వేరుచేసి, కోరిన లక్షణములుగల వానినే ఏరి, అవసరమైనచో సమీపరక్తసంబంధముగల వానినికూడ జతపరచి, ఆ లక్షణములను సంతతిలో స్థిరపరచెను. చచ్చిన మేలుజాతి పశువుల అస్థిపంజరములను భద్రపరచి, మాంసఖండములను ఉప్పునీట నిలువయుంచి, ఒక తరమును మరియొక తరముతో పోల్చి చూచుచుండెడివాడు. ఇట్లు రూపొందిన న్యూ లెస్టర్ గొఱ్ఱె సుమారు రెండేండ్లకే మాంసమునకు సిద్ధమగుచుండెను. పొట్టేళ్ళను విక్రయింపక, ఋతువున కింతయని బాడుగ కిచ్చుట అతని పద్ధతి. తొలుత ఒక గినీకైనను చాలని బాడుగ, 1789నాటికి మూడు పొట్టేళ్ళకు 1,200 గినీల ఆదాయముగా పరిణమించెను. డార్విన్ సైతము 1859లో వెలువడిన తన మహాగ్రంథమున ఇతని గొఱ్ఱెలను ఉదాహరించెను.

ఇంత కీర్తి గడించినను బేక్‌వెల్‌కు ధనము నిలువలేదు. దేశదేశములనుండి వచ్చు అతిథులకు అతని ఇంట విందు లెన్నడును తప్పలేదు. అవివాహితయగు సోదరి హన్నా గృహభారము వహించెను. 1776లో అతడు దివాలాకోరుగా ప్రకటింపబడెను. అయినను డిష్లీని విడువలేదు. వివాహమాడక, సంతతిలేక, 1795లో అచ్చటనే మరణించి, నేడు శిథిలమైయున్న ఆ గ్రామపు చర్చిలో సమాధి చేయబడెను. పిదప క్షేత్రము మేనల్లుడైన హనీబర్న్‌కు సంక్రమించెను. గొఱ్ఱెల వంశక్రమమును అంత శ్రద్ధతో నిలిపినవాని స్వవంశము డిష్లీలో మూడవ తరముతో ముగిసెను.

కౌలుహక్కు తరతరములకు సంక్రమించుటకు చట్టరక్షణ లభించినది 1976లో మాత్రమే. కౌలుదారుడు మరణించినచో దగ్గరి బంధువు ఆ కౌలును కోరవచ్చుననియు, ఇట్లు రెండు పర్యాయములవరకు సాగవచ్చుననియు ఆ చట్టము నిర్ణయించెను. 1984 జూలై పిమ్మట కుదిరిన కౌళ్ళకు సాధారణముగ ఆ హక్కు లేదు. 1995 చట్టముతో కౌలు నిబంధనలు చాలవరకు ఉభయపక్షముల ఒడంబడికకే విడువబడెను. ఇంతకును, 1976 చట్టము పేర్కొనిన దగ్గరి బంధువులు భార్యాభర్తలు, తోబుట్టువులు, సంతానము, సంతానమువలె పెంపబడినవారు మాత్రమే. మేనల్లునికి ఆ జాబితాలో చోటు లేదు.