పరుగుకో లెన్స్... ముఖానికో లెన్స్!

స్కూల్లో ఆటల పోటీలు. మీ అమ్మాయి పరుగుపందెంలో ఫస్టొచ్చింది. మీ సంబరం ఇంతా అంతా కాదు. తీరా ఇంటికొచ్చి ఫొటోలు చూసుకుంటే... వెనకాల షామియానా చక్కగా పడింది, అమ్మాయి మాత్రం అలుక్కుపోయింది! ఆ పరుగు మళ్లీ పరిగెత్తమంటే వస్తుందా?

లోపం మీ చేతిలో లేదు, సమయంలో ఉంది. 1984 లాస్‌ఏంజెలిస్ ఒలింపిక్స్ గుర్తుందా? 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి.ఉషకి కాంస్యం చేజారింది సెకనులో వందో వంతు తేడాతోనే. ఆమె పరుగు 55.42 సెకన్లు. ఆ వేగంలో వందో వంతు సెకనంటే దాదాపు ఏడు సెంటీమీటర్లు! షట్టర్ అంతసేపు తెరిచి ఉంటే బొమ్మ చెదరదూ మరి? అదే 1/1000 పెడితే ఆ కదలిక ఏడు మిల్లీమీటర్లే.

దూరాన్ని దగ్గర చేసేది

షట్టర్ త్వరగా మూసుకుంటే వెలుతురు తగ్గుతుంది. అందుకే ఆటల ఫొటోగ్రాఫర్లకి 70-200 మి.మీ. ఎఫ్ 2.8 లెన్సంటే ప్రాణం. గీత అవతల నిలబడే దూరాన ఉన్నవాళ్లని దగ్గరికి లాగుతుంది, వెలుతురునీ ధారాళంగా రానిస్తుంది. ధరే చుక్కల్లో ఉంటుంది! లేకపోతే దిగులొద్దు. సూర్యుణ్ణి మీ వీపు వెనక ఉంచుకోండి. ముగింపు గీత మీద ముందే ఫోకస్ చేసి, అమ్మాయి అక్కడికి రాబోతుండగానే వరసగా క్లిక్‌మనిపించండి. సెల్‌ఫోనుకీ ఇదే సూత్రం. ఇండోర్ స్టేడియంలో అయితే ఐఎస్ఓ పెంచండి. కాస్త గరుకుదనం వచ్చినా ఫర్వాలేదు, మసక కన్నా నయం.

ముఖాన్ని చదివేది

పందెం అయిపోయింది. ఇప్పుడు తొందరేం లేదు. ముఖచిత్రాలకి చాలామంది ముచ్చటపడేది 85 మి.మీ. లెన్స్. రెండు మూడు మీటర్ల దూరం నుంచి తీస్తే ముక్కూ చెంపా ఉన్నవున్నట్టే వస్తాయి. మరీ దగ్గరికెళ్తే ముక్కు పెద్దదైపోతుంది! అంత ఖర్చెందుకనుకుంటే 50 మి.మీ. ఎఫ్ 1.8 చవకలో దొరుకుతుంది. ఫోకస్ మీకు దగ్గరగా ఉన్న కంటి మీద ఉండాలి. వెనక జనం వాళ్లంతట వాళ్లే మసకబారతారు. అన్నట్టు, ‘ముఖం కడుక్కుని రా, పౌడరు రాసుకో’ అనకండి. ఆ చెమటా, ఆ దుమ్మే కదా ఆమె నగలు!

కెమెరా మనకెందుకంటారా? మన దేశపు తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్ హొమాయ్ వ్యారావాలా చీరకట్టులోనే బరువైన కెమెరాలు మోశారు. 2011లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

పెళ్లి ఆల్బమ్ ఏ ఇంట్లోనైనా ఉంటుంది. ఆడపిల్ల గెలిచిన పరుగు ఎన్ని ఇళ్ల గోడల మీద ఉంది? ఈసారి పోటీలకి టిఫిన్ డబ్బాతోపాటు కెమెరా కూడా సర్దుకోండి మరి!