సంగటి తిన్న గ్రహాంతరవాసి

రాత్రి బస్సులో ఎర్రగుంట్ల నుంచి చిలమకూరుకు వచ్చేవాళ్లకు ఊరికంటే ముందు సిమెంటు ఫ్యాక్టరీ కనపడుతుంది. చీకట్లో అడుగు నుంచి కొనదాకా లైట్లు వెలుగుతూ ఒక టవరు నిలబడి ఉంటుంది. మా తొమ్మిదో తరగతి పిల్లలను ఒకసారి దాని బొమ్మ గీయమన్నాను. సగంమంది ఫ్యాక్టరీ గీశారు. మిగతావాళ్లు టవరు కింద మంటలు పెట్టి పక్కన అంకెలు వేశారు: 5, 4, 3, 2, 1. ఒక బొమ్మలో మాత్రం రాకెట్టు కిటికీలోంచి ఒక పిల్లవాడు చెయ్యి ఊపుతున్నాడు. కింద వాడిని సాగనంపడానికి ఒక్క మనిషీ లేడు.

ఆ బొమ్మ గీసినవాడు ఒడిశా నుంచి ఇక్కడికి పనికొచ్చిన కుటుంబంలోని పిల్లవాడు. బడిలో చేరి ఆరు నెలలైనా ఆఖరి బెంచీలో ఒంటరిగానే కూర్చునేవాడు. వాడు తెలుగు మాట్లాడితే తరగతి నవ్వేది. అందుకని మాట్లాడటమే మానేశాడు. పిల్లలను గద్దించి నవ్వు మాన్పించవచ్చు గానీ, గద్దించి స్నేహం చేయించలేం. నేను భౌతికశాస్త్రం చెప్పే టీచరును. మరుసటి రోజు పాఠం పక్కన పెట్టి ఒక కథ చెప్పాను.

బంకుబాబు కథ

సత్యజిత్ రాయ్ అనగానే మనకు సినిమాలు గుర్తొస్తాయి. ఆయన పిల్లల రచయిత కూడా. తాతగారు ప్రారంభించిన 'సందేశ్' అనే బెంగాలీ పిల్లల పత్రికను 1961లో మళ్లీ బతికించి, 1962లో అందులో 'బంకుబాబు స్నేహితుడు' అనే కథ రాశారు. బంకుబాబు పల్లెటూరి బడిపంతులు. నోట్లో నాలుక లేని మనిషి. బళ్లో పిల్లలు ఆయన్ని ఆటపట్టిస్తారు. సాయంత్రం లాయరుగారింట్లో చేరే ఊరి పెద్దలు అంతకంటే ఎక్కువ ఏడిపిస్తారు. ఒక రాత్రి ఇంటికి పోతూ వెదురుతోపులో ఆయన ఒక అంతరిక్ష నౌకను చూస్తాడు. అందులోంచి ఆంగ్ అనే జీవి దిగుతుంది. ప్లూటోకు పోవాల్సింది, దారి తప్పి భూమికి వచ్చింది. దానికి 14,000 భాషలు తెలుసు. బంకుబాబుతో ఆయన బెంగాలీలోనే మాట్లాడుతుంది. పెద్దగా ఎక్కడికీ పోయి ఎరగని ఆయనకు ఉత్తర ధ్రువం చూపిస్తుంది. ఇంత మెతకగా ఉండి అవమానాలన్నీ మింగడం మంచిది కాదని చెప్పి వెళ్లిపోతుంది. మర్నాడు బంకుబాబు ఆ పెద్దల ముందుకు పోయి, మనసులో ఉన్నదంతా ముఖం మీదే చెప్పి, తలెత్తుకొని బయటికి వస్తాడు.

కథ అయిపోగానే ముందు బెంచీలోంచి ఒక ప్రశ్న వచ్చింది: "టీచర్, ఆయప్పకు మన తెలుగు గూడా వచ్చింటాదా?" 14,000 భాషల్లో తెలుగు లేకుండా ఉంటుందా అన్నాను. "మన కడప తెలుగా, టీవీలో తెలుగా?" అని ఇంకొకడు. "ప్లూటోకు పోయేవాడు భూమికి ఎట్లొచ్చినాడు టీచర్, దారి అంత తప్పుతాదా?" అని మరొక అమ్మాయి.

బోర్డు మీద లెక్క వేశాం. సూర్యుడి వెలుగు భూమిని చేరడానికి సుమారు 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. ప్లూటోను చేరడానికి దాదాపు అయిదున్నర గంటలు. ఆంగ్ వచ్చింది సౌరకుటుంబం బయటి నుంచి. అంటే చాలా ముందుగానే ప్లూటో కక్ష్యను దాటేసి లోపలికి వచ్చేసింది. అప్పుడు ఆఖరి బెంచీలోంచి, ఆరు నెలల తర్వాత, ఒక మాట వినపడింది. "స్టేషన్ వచ్చింది. వాడు నిద్రపోయింది." తరగతి అంతా గొల్లుమంది. ఈసారి ఆ నవ్వు వాడి తెలుగు మీద కాదు, వాడి మాట మీద. వాడూ నవ్వాడు.

క్వారీలో దిగిన చుట్టం

ఆ వారమే పిల్లలు సొంత కథ రాయడం మొదలుపెట్టారు. గ్రహాంతరవాసి మా ఊరి సున్నపురాయి క్వారీలో దిగుతాడు. బ్లాస్టింగు ముందు మోగే సైరను తనకు పలికే స్వాగతం అనుకొని వంగి వంగి దండాలు పెడతాడు. చెనిక్కాయలను పొట్టుతో సహా నమిలి, లోపలి గింజలు విత్తనాలేమో అని ఉమ్మేస్తాడు. ఒక జేజి వాడికి రాగి సంగటి, ఊరిబిండి పెడుతుంది. ఆ ముద్ద తిన్నాక, తన గ్రహం గురుత్వాకర్షణ ఇక్కడికంటే తక్కువ కాబట్టి కడుపు ఇంత బరువుగా ఎప్పుడూ లేదని లెక్క చెబుతాడు. వాడి మాట ఊళ్లో ఎవరికీ అర్థం కాదు, ఒడిశా పిల్లవాడికి తప్ప. ఆ భాగం ఆ పిల్లవాడే రాశాడు: "వానికి తెలుగు రాదు. నాకు తెలుగు రాదు. అందుకే మాకు అర్థమైంది."

ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. స్నేహం గురించి ఇంతకంటే మంచి వాక్యం నేను చదవలేదు.

హాస్యం కలిసిన సైన్స్ ఫిక్షన్ చేసే పని ఇదే. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ ఏదో ఒక రోజు తాను వేరే గ్రహం నుంచి ఊడిపడ్డానని అనుకుంటారు. ఒళ్లు మారుతుంది, గొంతు మారుతుంది, నిన్నటి జట్టు ఈరోజు పిలవదు. నీతికథ వాళ్లకు సర్దుకుపొమ్మని చెబుతుంది. ఈ రకం కథ నిజంగానే వేరే గ్రహంవాణ్ని తెచ్చి పక్కన కూర్చోబెడుతుంది. వాడి పక్కన ఏ పిల్లవాడైనా ఊరివాడే అవుతాడు.

1991, ప్రొద్దుటూరు

నాకు ఇది పుస్తకాలు చదివి తెలిసిన సంగతి కాదు. మా నాన్నకు ఇక్కడ ఉద్యోగం వస్తే 1991లో గుంటూరు వైపు నుంచి చిలమకూరుకు వచ్చాం. నేను ఎనిమిదో తరగతి. నేను "వెళ్తున్నానండీ" అంటే తరగతి మొత్తం దాన్ని రాగం తీసి పాడేది. వాళ్లు "పోతాండా" అంటే నాకు నవ్వొచ్చేది కాదు, ఏడుపొచ్చేది. ఒకటే భాషలో ఇంత దూరం ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఆ ఏడు జూలైలో 'ఆదిత్య 369' విడుదలైంది. నాన్న ప్రొద్దుటూరు తీసుకుపోయి చూపించాడు. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం, జంధ్యాల మాటలు, ఇళయరాజా సంగీతం. ఒక ప్రొఫెసరు కాలయంత్రం కడతాడు. అందులో చిక్కుకున్న కృష్ణకుమార్, హేమ 1526లో శ్రీకృష్ణదేవరాయల కాలానికి పోతారు, తర్వాత 2504కు పోతారు. రాయల కాలంలో వాళ్ల బట్టలు వింత, మాట వింత. వాళ్లూ తెలుగువాళ్లే, ఎదుటివాళ్లూ తెలుగువాళ్లే, అయినా ఒకరికొకరు కొత్త. హాలంతా నవ్వుతోంది. నేనూ నవ్వాను, చిలమకూరు వచ్చాక మొదటిసారి. మరుసటి రోజు బళ్లో ఆ సినిమా కథ చెబుతుంటే పిల్లలంతా చుట్టూ మూగారు. ఆ రోజు ఎవరూ నా యాసను వెక్కిరించలేదు.

ఆ సినిమా వేళ్లు మా జిల్లాలోనే ఉన్నాయని చాలా ఏళ్లకు తెలిసింది. సింగీతం సినిమా నేర్చుకున్నది కె.వి.రెడ్డి దగ్గర. ఆ కె.వి.రెడ్డి 1957లో తీసిన 'మాయాబజార్'కు నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి. బి.నాగిరెడ్డి పుట్టింది కడప జిల్లా పొట్టిపాడులో, 1912లో. మాయాబజార్‌లో ఎంతో దూరాన ఉన్న మనిషిని చూపించే ప్రియదర్శిని పెట్టె ఉంది. ఈరోజు పిల్లలు దాన్ని చూసి "వీడియో కాల్" అంటారు. ఆడపిల్ల వేషంలో ఇమడలేక తంటాలు పడే ఘటోత్కచుడు ఉన్నాడు. యంత్రం, హాస్యం, తన చోటు కాని చోట చిక్కుకున్న మనిషి, ఈ మూడింటినీ కలపడం మనవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. ఆ నాగిరెడ్డి, చక్రపాణి కలిసి 1947 జూలైలో 'చందమామ' పెట్టారు. దాన్ని దాదాపు మూడు దశాబ్దాలు నడిపిన కొడవటిగంటి కుటుంబరావు సైన్సు గురించి తెలుగులో విరివిగా రాసిన మనిషి.

ఇల్లు పోయినవాళ్ల నవ్వు

ఈ రకం కథల్లో ప్రపంచమంతా ఎరిగినది డగ్లస్ ఆడమ్స్ రాసిన 'హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ'. 1978లో బీబీసీ రేడియోలో నాటకంగా మొదలై, 1979లో పుస్తకమైంది. ఆర్థర్ డెంట్ అనే మామూలు మనిషి ఇంటిని బైపాస్ రోడ్డు కోసం కూల్చడానికి బుల్డోజర్లు వస్తాయి. అదే రోజు, అంతరిక్షంలో వేసే రహదారికి అడ్డుగా ఉందని భూమినే కూల్చేస్తారు. ఆర్థర్ ఒంటి మీది రాత్రి బట్టలతో నక్షత్రాల్లో పడతాడు. ఇల్లూ ఊరూ గ్రహమూ లేని అతనికి ఒక మిత్రుడూ, ఎప్పుడూ దిగులుపడే ఒక రోబోటూ తోడవుతారు.

ఈ కథ చెప్పినప్పుడు పిల్లలు విరగబడి నవ్వారు. ఒక అమ్మాయి మాత్రం నవ్వి, ఆగి, "మా ఊరికి గూడా నోటీసు వచ్చినాది టీచర్" అంది. వాళ్లది గండికోట జలాశయం కింద మునిగిన ఊరు. ఇప్పుడు కాలనీలో ఉంటారు. ఊరు మునగడం గురించి ఆ పిల్ల అంతవరకు బళ్లో ఒక్క మాట చెప్పలేదు. ఆ రోజు వాళ్ల వేపచెట్టు గురించి, గడప గురించి, నీళ్లు వచ్చిన రోజు గురించి గంటసేపు చెప్పింది. నవ్వు తలుపు తీసింది కాబట్టే ఆ దుఃఖం బయటికి రాగలిగింది.

అమెరికాలో డేనియల్ పింక్‌వాటర్ 1979లో 'అలన్ మెండెల్సన్, ద బాయ్ ఫ్రమ్ మార్స్' అనే నవల రాశాడు. పొట్టిగా, బొద్దుగా, కళ్లద్దాలతో ఉన్న లెనార్డ్ కొత్త బడిలో ఎవరికీ పట్టని పిల్లవాడు. తాను అంగారకుడి నుంచి వచ్చానని చెప్పే అలన్ వాడికి స్నేహితుడవుతాడు. తెలుగులో 2022లో వచ్చిన 'ఒకే ఒక జీవితం' కూడా ఈ దారిదే. స్టేజీ ఎక్కితే వణికే గిటారు కుర్రాడు, ఇంకో ఇద్దరు స్నేహితులు 1998కి పోయి తమ చిన్నతనాన్ని తామే కలుసుకుంటారు. జరిగిపోయినదాన్ని మార్చడం వాళ్ల చేతిలో లేదు. కానీ తమను తాము చూసుకొని సిగ్గుపడటం మానేస్తారు.

ఒక్క అబద్ధం

ఇలాంటి కథ రాయడానికి నియమం ఒకటే. ఒక్క అబద్ధం ఆడవచ్చు, ఆ తర్వాత అన్నీ నిజాలే చెప్పాలి. కాలయంత్రం ఉందన్నది అబద్ధం. అది ఉంటే దాన్ని ఎక్కిన మనిషి ఏం చేస్తాడన్నది నిజం కావాలి. గ్రహాంతరవాసి వచ్చాడన్నది అబద్ధం. వాడి గురుత్వాకర్షణ లెక్క సరిగ్గా ఉండాలి. క్లింకరు కోసం కిల్నులో 1450 డిగ్రీల వేడి ఉంటుందని మా పిల్లలు కథ కోసమే కనుక్కున్నారు, వాళ్ల గ్రహాంతరవాసి అక్కడ చలి కాచుకోవాలి కాబట్టి. పరీక్షలో ఆ అంకె ఎవరూ అడగరు. అయినా వాళ్లు దాన్ని మరిచిపోరు.

రెండో నియమం నేను బళ్లో నేర్చుకున్నాను. కొత్తవాడిని చూసి ఊరు నవ్వే కథ చెడ్డ కథ. కొత్తవాడితో కలిసి ఊరు నవ్వే కథ మంచి కథ.

మనకు రచయితలు లేక కాదు. బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఇంజనీరింగు బోధించిన కవనశర్మ, కాలిఫోర్నియాలో కంప్యూటర్ సైన్సు బోధించిన వేమూరి వేంకటేశ్వరరావు వంటివాళ్లు తెలుగులో సైన్సు కథలు రాశారు. కానీ అవి ఎక్కువగా పెద్దవాళ్ల చేతికే చేరాయి. బొమ్మల కథలు దాటి, పెద్దల నవలల దాకా రాని పిల్లలకు, ముఖ్యంగా పల్లెల్లో తెలుగులో చదివే పిల్లలకు, తమ వయసు కథ తమ భాషలో దొరకడం చాలా కష్టం. సరిగ్గా ఎవరూ తోడు లేరనిపించే ఆ అయిదారేళ్లకే పుస్తకం కూడా తోడు లేకుండా పోయింది. ఇది సరిదిద్దుకోవాల్సిన లోటు.

రాయగలిగినవాళ్లు రాయండి. అంతరిక్ష నౌకను న్యూయార్కులో దింపకండి. జమ్మలమడుగు బస్టాండులో దింపండి, పులివెందుల చీనీ తోటలో దింపండి. మీ జేజి మాట్లాడినట్టు మాట్లాడించండి. రాయలేనివాళ్లు ఒక కథ చెప్పండి. ముందుగా ఆఖరి బెంచీలో ఒంటరిగా కూర్చున్న పిల్లవాడికి చెప్పండి.

మా పిల్లలు రాసిన కథ రెండు వందల పేజీల నోటుబుక్కులో ముప్పై ఒకటో పేజీ దాకా వచ్చింది. అట్ట మీద బొమ్మ ఒడిశా పిల్లవాడే వేశాడు. అదే టవరు, అదే రాకెట్టు, కిటికీలోంచి చెయ్యి ఊపుతున్న అదే పిల్లవాడు. ఈసారి కింద ముప్పై నాలుగు మంది నిలబడి చేతులు ఊపుతున్నారు. నేను లెక్కపెట్టాను. తరగతిలో మిగతా పిల్లలు ముప్పై ముగ్గురు, నేను ఒకదాన్ని.