ఇసుకవలె రాలు బిస్కత్తు

ఫ్రాన్సు దేశమున ఇండ్లలో వెన్నతో కాల్చు ఒక బిస్కత్తును 'సాబ్లే' అందురు. ఆ భాషలో 'సాబ్ల్' అనగా ఇసుక. కొరికినంతనే ఇది ఇసుకవలె రాలును. చపాతీ పిండియు గోధుమదే, అది సాగును. సాబ్లే ఏల రాలును?

గోధుమపిండిలో గ్లయాడిన్, గ్లూటెనిన్ అను మాంసకృత్తులు కలవు. నీరు పోసి పిసికినచో ఇవి పెనవేసుకొని, గ్లూటెన్ అను సాగెడు వలగా ఏర్పడును. సాబ్లే చేయువారు 250 గ్రాముల మైదాలో 125 గ్రాముల చల్లని వెన్న వేసి, ఇసుకవలె అగువరకు వ్రేళ్ళతో నలుపుదురు. పిండిరేణువులకు కొవ్వు పూత పట్టును. పిదప 125 గ్రాముల పంచదార, ఒక గ్రుడ్డు కలిపినను, గ్రుడ్డులోని నీరు మాంసకృత్తులకు సులభముగా అందదు. ముద్ద కట్టగానే కలుపుట ఆపవలెను. ఇంకను పిసికినచో వల అల్లుకొని బిస్కత్తు గట్టిపడును.

వెన్న సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగిపోవును. కరగిన వెన్నతో చేసిన బిస్కత్తు ఓవెనులో ఆకారము నిలువక పరచుకొనును. అందుచే ముద్దను ఒక గంట చల్లబరచి, ఆపైన వత్తి కోయుదురు.

180 డిగ్రీల వేడిలో 10, 12 నిమిషములకు అంచులు బంగారు రంగునకు తిరుగును. పిండిలోని కొన్ని చక్కెరలు మాంసకృత్తులతో కలియుటయే ఇందుకు ముఖ్యకారణము. ఈ చర్యను 1912లో వివరించిన మయ్యార్ కూడ ఫ్రాన్సు దేశపు రసాయనశాస్త్రజ్ఞుడే.