సైరను లేని పని

రామచంద్రాపురం, పటాన్‌చెరు ప్రాంతాలలో ఒక తరం మనుషులు సైరను కూతను బట్టి బ్రతికినారు. 1960ల నడుమ రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం పనికి ఉపక్రమించినది. తరువాతి దశాబ్దంలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ పెరిగినది. కూత వినబడితే లోపలికి, మరల వినబడితే వెలుపలికి. 1948 నాటి ఫాక్టరీల చట్టం పెద్దలకు రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు మించి పని ఉండరాదని గిరి గీసినది. ఆ గీత ఎన్ని చోట్ల చెరిగిపోయినదో కార్మికులకు తెలియును; అయినను గీత అంటూ ఒకటి ఉండేది. ఆ ఇండ్లలో పుట్టిన పిల్లలు అనేకులు ఈనాడు సాఫ్ట్‌వేరు ఉద్యోగులు. వారి పనికి సైరను లేదు.

బడిలో ఏ పిల్లవానిని అడిగినా ఈ ఉద్యోగం పేరు చెప్పగలడు. అందులో చేసే పని ఏమిటో చెప్పగలవారు మాత్రం అరుదు. జీతం సంగతి ఊరంతటికీ తెలుసు గాని, పని సంగతి కన్నతల్లికి కూడ తెలియదు. బీరంగూడలోనో అమీన్‌పూర్‌లోనో బ్యాంకు అప్పుతో రెండు గదుల ఫ్లాటు కొనుక్కొన్న ఒక డెవలపరు సామాన్య దినం ఎట్టిదో చూడవలసి ఉన్నది.

ఉదయం అతని మొదటి శత్రువు దారి. 1998లో సైబర్ టవర్స్ తెరచిన నాటి నుండి పని అంతా మాదాపూర్, గచ్చిబౌలి వైపు పేరుకొన్నది. ఇండ్లు మాత్రం పడమటికి ప్రాకుతూ వచ్చినవి. భెల్ కూడలి, లింగంపల్లి, నల్లగండ్ల దాటేసరికి సగం ఓపిక ఖర్చవుతుంది. 2017లో మియాపూర్ నుండి మెట్రో రైలు నడిచినది కదా అనవచ్చును. అది ఎక్కితే తూర్పున అమీర్‌పేట దాకా పోయి, అక్కడ బండి మారి, మరల పడమటికి రాయదుర్గం రావలెను. ముక్కు ఏదంటే తల చుట్టూ చెయ్యి త్రిప్పి చూపినట్లు.

కార్యాలయంలో ముందుగా నిలుచుండి జరిపే చిన్న సమావేశం. నిన్న ఏమి చేసినావు, నేడు ఏమి చేస్తావు, అడ్డంకి ఏమిటి అన్నవి మూడు ప్రశ్నలు. ఇక్కడ చిన్నా పెద్దా అందరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకొంటారు. ‘గారు’ అన్న మాట గుమ్మం వెలుపలే ఆగిపోతుంది. గేటు దగ్గరి కాపలాదారుని మాత్రం అందరూ ‘అన్నా’ అనే పిలుస్తారు.

తరువాత పని మొదలవుతుంది. డెవలపరు అనగా రోజంతా కొత్త కోడు వ్రాస్తూ కూర్చొనేవాడని పలువురి భ్రమ. నిజానికి అతని కాలంలో అధికభాగం ఇతరులు వ్రాసినది చదవడానికే పోతుంది. ఎప్పుడో ఉద్యోగం మాని వెళ్ళిన ఎవరో వ్రాసిన పంక్తి ఎందుకట్లున్నదో తెలిసికొనక తాకరాదు. తాళపత్ర ప్రతులను ముందుంచుకొని, ఏ పాఠం సాధువో, ఏది లేఖక ప్రమాదమో తేల్చే గ్రంథ పరిష్కర్త పనికి ఇది మిక్కిలి దగ్గర. వ్యాకరణం ఇక్కడ కూడ కఠినమే. ఒక్క చుక్క తప్పితే యంత్రం క్షమించదు.

ఆ తప్పునే వారు ‘బగ్గు’ అంటారు, అనగా పురుగు. 1947లో హార్వర్డులో ఒక పెద్ద గణన యంత్రపు రిలేలో నిజంగానే చిమ్మట దొరకగా, దానిని దినచర్య పుస్తకంలో అంటించి ఉంచినారు. ఆ పేరు మాత్రం అంతకు పూర్వమే ఇంజనీర్ల నోట ఉన్నది.

తెలుగు ఉపాధ్యాయులు తప్పక వినవలసిన బగ్గు ఒకటి కలదు. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతటా ఐఫోన్లను కలవరపెట్టినది. అది ‘జ్ఞా’. యంత్రానికి అది ఒక అక్షరం కాదు: జకారం, పొల్లు, ఞకారం, దీర్ఘం. వీటి నడుమ కంటికి కనబడని, వెడల్పు లేని ఒక సంకేతం చేరితే, అక్షరరూపాన్ని కూర్చవలసిన ప్రోగ్రాము తడబడి కుప్పకూలేది. ఆ అక్షరం గల సందేశం వచ్చినచో సందేశాలు చదివే సాధనమే మూసుకొనిపోయేది. ఆపిల్ సంస్థ ఆ నెల 19వ తేదీన సవరణ విడుదల చేసినది. సంయుక్తాక్షరం ఎట్లు కూడునో ఎరిగినవాడు ఆ కోడు పరీక్షించినవారిలో ఒక్కడైనా ఉండి ఉంటే ఏమయ్యేదో! తెలుగు చదివితే ఏమి లాభమని అడిగే విద్యార్థికి ఈ కథ చెప్పవచ్చును.

మధ్యాహ్నం డబ్బా భోజనం, ఒక టీ. అందులో చెప్పుకోదగినది లేదు. చీకటి పడేవేళకు ఇల్లు చేరుతాడు. పని అయినదా? లేదు. న్యూయార్కులో అప్పుడే తెల్లవారినది. అక్కడివారు ఉదయం పది గంటలకు మాట్లాడదలిస్తే ఇక్కడ చలికాలంలో రాత్రి ఎనిమిదిన్నర. మార్చిలో వారు గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. అప్పుడు అదే సంభాషణ ఇక్కడ ఏడున్నరకు పడుతుంది. నవంబరులో మరల ఎనిమిదిన్నర. అమెరికా గడియారపు ముల్లు కదిలితే బీరంగూడలో భోజనవేళ కదులుతుంది. పిల్లవాడు ఒత్తులు దిద్దించుమని పలక పట్టుకొని వస్తే, చెవికి తగిలించుకొన్న సాధనం తీయక ‘ఆగు’ అని సైగ చేస్తాడు తండ్రి. పిల్లవాడు ఆగుతాడు, నిద్రపోతాడు. భార్య కూడ ఇదే వృత్తిలో ఉంటే వంట, పిల్లలు, రాత్రి సంభాషణ అన్నీ ఆమె మెడకే చుట్టుకొనడం పెక్కు ఇండ్లలో కనబడే అన్యాయం.

ఇటీవలి సంవత్సరాలలో మరొక దిగులు చేరినది. కృత్రిమ మేధ తానే కోడు వ్రాస్తున్నది. అడిగిన క్షణంలో నూరు పంక్తులు ఇస్తుంది. తప్పును సైతం ఒప్పువలె ధీమాగా ఇస్తుంది. చదివి పట్టుకొనే బాధ్యత మనిషిదే. ఉద్యోగాలు తగ్గుతాయేమోనన్న భయం రాత్రి పూట అప్పు వాయిదాతో కలిసి నిద్ర చెరుపుతుంది.

వంతు వారం అనునది వేరే ఉన్నది. ఆ వారమంతా, నడిచే వ్యవస్థ ఎక్కడ ఆగినా ఫోను మ్రోగేది అతనికే. అందుకే శుక్రవారం సాయంత్రం కొత్త కోడు విడుదల చేయరాదని చాలామంది డెవలపర్లు నియమంగా పాటిస్తారు. మంగళవారం శుభకార్యం తలపెట్టని అతని తల్లికి ఈ ఒక్క ఆచారం మాత్రం వివరించనక్కరలేకుండానే అర్థమైనది.