ఒకే మందు, వేర్వేరు మనసులు

“మాకేమీ కాలేదు, నీకు మాత్రం ఏమవుతుంది?” అని మిత్రులు చెప్పే ధైర్యవచనం మేము తరచుగా వింటున్నాము. అది ఎంతవరకు నమ్మదగినదో ఒక ఉదంతం ద్వారా పరిశీలిస్తాము.

మెస్కలిన్ అనేది పెయోటీ అనే నాగజెముడు జాతి మొక్కలో లభించే భ్రాంతిజనకం. 1953లో ఆంగ్ల రచయిత ఆల్డస్ హక్స్‌లీ స్వగృహంలో, వైద్యుని సమక్షంలో, దీనిని 0.4 గ్రాములు సేవించాడు. పూలు, కుర్చీకాళ్లు, చివరకు తన పంట్లాము ముడతలు సైతం ఆయనకు దివ్యంగా తోచాయి. (ముడతలలో దివ్యత్వం హక్స్‌లీకే చెల్లింది!)

1935లో పారిస్‌లో తత్త్వవేత్త సార్త్ర్‌కు ఇదే మందును సూది ద్వారా ఎక్కించినవాడు పరాయివాడు కాడు; సహాధ్యాయి, మిత్రుడు అయిన లగాష్. సార్త్ర్ కంటికి గొడుగులు రాబందులుగా, బూట్లు అస్థిపంజరాలుగా మారాయి. ఇది విని ఆశ్చర్యపోయిన ఒక యువవైద్యుడు, అదే మందుతో తాను పూలమైదానాలలో హూరీల నడుమ విహరించానన్నాడట! ఈ సంగతులు సిమోన్ ద బోవా తన స్మృతులలో వ్రాసింది.

ఈ మందు మెదడులోని సెరటోనిన్ గ్రాహకాలను ప్రేరేపించి, ఇంద్రియానుభవాలకు మనసు విధించే కట్టడిని సడలిస్తుంది. అటుపై పైకి వచ్చేది ఆ మనిషిలో ముందే ఉన్నది, చుట్టూ ఉన్నది. హక్స్‌లీ ఇష్టపడి, తన ఇంట్లో సేవించాడు. సార్త్ర్ మసకవెలుతురు గల ఆసుపత్రి గదిలో పడుకొని ఉన్నాడు. ఆ రోజులలో తీవ్రమైన నిస్పృహ కూడా ఆయనను బాధించింది. తరువాత ఎండ్రకాయలు తనను వెంబడిస్తున్నట్లు చాలాకాలం భ్రమపడ్డాడు. వైద్యులు మాత్రం అంత దీర్ఘభ్రమకు కారణం మందు కాదు, అలసట అన్నారు. ఆ అలసటను ఆనాడు లగాష్ కొలవలేదు. కొలిచే సాధనమూ లేదు.